బెర్ఖెస్: దుంప కలిపిన జర్మన్ యూదుల జడ రొట్టె ఇంట్లో కుదరాలంటే

యూదుల జడ రొట్టెను హల్లా అంటారు. ఇంగ్లీషు అక్షరాలు చూసి 'చల్లా' అని చదివితే మన ఇంటిపేరైపోతుంది. చాలామందికి తెలిసిన హల్లా గుడ్లు, చక్కెర బాగా పడే తూర్పు యూరప్ రకం. జర్మనీ యూదుల ఇళ్లలో, ముఖ్యంగా దక్షిణ ప్రాంతాల్లో, సబ్బాతు (శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే యూదుల వారపు విశ్రాంతి దినం) భోజనానికి చేసేది వేరు. దాని పేరు బెర్ఖెస్, కొన్ని చోట్ల బార్ఖెస్. పిండిలో గుడ్డు పడదు, చక్కెర నామమాత్రం, ఉడికించిన బంగాళదుంప తప్పనిసరి. రొట్టె మొత్తాన్ని జడగా అల్లరు. కోలగా చేసిన ముద్ద మీద సన్నటి జడ ఒకటి పెట్టి, పైన గసగసాలు చల్లుతారు.

మాకు వచ్చే ప్రశ్నలన్నీ రెండు రకాలే: "పిండి జిగటగా అయిపోయింది, ఏం చేయాలి?", "జడ పక్కకు జారిపోయింది, ఎందుకు?" మొదటిదానికి కారణం దుంపలోని నీరు. రెండోదానికి చాలాసార్లు వంటింటి వేడి. ఈ రెండూ అదుపులో ఉంటే మిగతా పని మామూలు రొట్టె పనే.

## 1. కొలతలు (రెండు చిన్న రొట్టెలకు)

సబ్బాతు బల్ల మీద రెండు రొట్టెలు ఉంచడం ఆచారం. అందుకే ఈ కొలత రెండింటికి. ఇవి 35–40 లీటర్ల ఓటీజీలో ఒకే ట్రేలో పడతాయి.

- మైదా: 500 గ్రా.
- ఉడికించి, జల్లెడలో రుద్దిన బంగాళదుంప: 150 గ్రా. (పచ్చివి 200 గ్రా. తీసుకుంటే సరిపోతుంది)
- నీళ్లు: 200 గ్రా. (170 మొదట, 30 పక్కన)
- ఇన్‌స్టంట్ ఈస్ట్: 5 గ్రా.
- ఉప్పు: 10 గ్రా.
- చక్కెర: 15 గ్రా.
- వాసన లేని నూనె: 25 గ్రా.
- తెల్ల వెనిగర్: 5 గ్రా. (ఎందుకో 11లో ఉంది)
- గసగసాలు: ఒకటిన్నర టేబుల్ స్పూన్లు

నీళ్లతో సహా అన్నీ తూకంలోనే తీసుకోండి. మైదాను కప్పుతో కొలిస్తే, అదే కప్పులో ఒకసారి 120 గ్రాములు, ఇంకోసారి 150 గ్రాములు రావడం మామూలే. 500 గ్రాముల మీద ఆ తేడా రొట్టెను పాడుచేస్తుంది.

నూనెకు బదులు వెన్న, నీళ్లకు బదులు పాలు వాడొచ్చా అని అడుగుతుంటారు. రుచికి ఇబ్బంది లేదు కానీ అప్పుడది బెర్ఖెస్ కాదు. యూదుల ఆహార నియమాల ప్రకారం మాంసం, పాలు ఒకే భోజనంలో కలవకూడదు. ఈ రొట్టెను మాంసం వంటకాలతోనూ తింటారు కాబట్టి ఇందులో పాల పదార్థం పడదు.

## 2. మైదా, ఈస్ట్

మైదా పాకెట్ వెనక పోషకాల పట్టికలో ప్రొటీన్ ఎంతో చూడండి. 100 గ్రాములకు 11 గ్రాములైనా ఉండాలి. 9–10 ఉంటే కేకుకు బాగుంటుంది కానీ దుంప బరువును మోయలేదు. దొరికింది అదే అయితే, అందులో 10 గ్రాముల మైదా తీసేసి 10 గ్రాముల గ్లూటెన్ (గోధుమ ప్రొటీన్) పొడి కలపండి.

అమెరికాలో ఉన్నవాళ్లు బ్రెడ్ ఫ్లోర్ వాడితే నీళ్లు 215–230 గ్రాముల దాకా పడతాయి. జర్మనీలో పాకెట్ మీద 550 అని రాసి ఉన్న గోధుమ పిండి తీసుకోండి. అక్కడ 42 గ్రాముల దిమ్మలుగా దొరికే తాజా ఈస్ట్ అయితే 15 గ్రాములు చాలు.

గింజలుగా ఉండే యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే 6–7 గ్రాములు తీసుకుని, పిండి కోసం తూచిన 170 గ్రాముల్లోంచే 50 గ్రాముల గోరువెచ్చని నీళ్లు, చిటికెడు చక్కెరతో పది నిమిషాలు నానబెట్టండి. నురగ రాకపోతే ఆ ఈస్ట్ చచ్చిపోయినట్టే, పారేయండి. పాకెట్ తెరిచాక ఈస్ట్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి. స్టవ్ పక్క అలమారాలో పెడితే మన ఎండాకాలంలో ఎక్కువ రోజులు బతకదు.

## 3. అసలు పని దుంప దగ్గరే

ఉడికిన బంగాళదుంపలో బరువు ప్రకారం నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. 150 గ్రాముల గుజ్జు వేస్తే దాదాపు 115 గ్రాముల నీళ్లు పోసినట్టు. అయితే ఆ నీరు ఒక్కసారిగా పిండిలోకి రాదు. మర్దించేకొద్దీ, ఉప్పు తగిలేకొద్దీ కొద్దికొద్దిగా వదులుతుంది. మొదటి రెండు నిమిషాల్లో గట్టిగా అనిపించిన పిండి పదో నిమిషానికి మెత్తబడేది ఇందుకే. మొదట్లో తొందరపడి నీళ్లు పోస్తే తర్వాత తీసేసే దారి లేదు.

ఏ దుంప: పిండిగా ఉండే పాత దుంప కావాలి. ఉడికాక తొక్క పగిలి, వేళ్లతో నలిపితే పొడిపొడిగా విడిపోవాలి. చలికాలం చివర్లో వచ్చే పలచటి తొక్క కొత్త ఆలుగడ్డ కూరకు మంచిది, దీనికి కాదు. అది నీరు ఎక్కువగా, జిగురుగా ఉంటుంది. అమెరికాలో రసెట్ రకం, జర్మనీలో సంచి మీద 'మేలిగ్‌కోఖెండ్' అని ఉన్న రకం తీసుకోండి.

ఫ్రిజ్‌లో రోజులతరబడి ఉన్న పచ్చి దుంప వద్దు. చలికి దానిలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. రొట్టె లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది.

ఉడికించే తీరు:

1. దుంపల్ని మట్టి పోయేలా రుద్ది కడగండి. తొక్క తీయకుండా, కోయకుండా ఉంచండి. ముక్కలు చేస్తే నీళ్లు పీల్చుకుంటాయి.
2. కుక్కర్ అయితే అడుగున నీళ్లు పోసి, స్టాండ్ మీద గిన్నెలో దుంపలు మాత్రమే పెట్టండి. గిన్నెలో నీళ్లు పోయకండి. దుంప సైజును బట్టి మూడు నాలుగు విజిల్స్.
3. వేడిగా ఉండగానే తొక్క తీయండి. కళ్లు, మచ్చలు లోతుగా చెక్కేయండి.
4. వేడి మీదే జల్లెడలో గరిటె అడుగుతో రుద్దండి. మిక్సీలో వేయకండి, గోందులా సాగుతుంది. చేత్తో మెదిపితే ఉండలు మిగులుతాయి, ఆ ఉండలు రొట్టెలో తడి మచ్చలుగా తేలతాయి.
5. రుద్దిన గుజ్జును వెడల్పాటి పళ్లెంలో పరిచి, మూత లేకుండా 20 నిమిషాలు వదిలేయండి. ఆవిరి పోతుంది.
6. పూర్తిగా చల్లారాకే 150 గ్రాములు తూచండి. వేడి గుజ్జు పిండిలో కలిపితే ఈస్ట్ చచ్చిపోవచ్చు. చావకపోయినా పులుపు అదుపు తప్పుతుంది.

ముందు రోజు రాత్రే గుజ్జు చేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. నిజానికి అదే మేలు. చల్లటి గుజ్జు తర్వాతి మెట్టులో పనికొస్తుంది.

## 4. నీళ్ల వేడి లెక్క

కలిపాక పిండి వేడి 25–26 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. గది వేడిని, మైదా వేడిని మనం మార్చలేం, నీళ్లను మార్చగలం. లెక్క ఇలా:

26ను 3తో హెచ్చించండి, 78. అందులోంచి గది వేడి, మైదా వేడి, చేత్తో మర్దిస్తే పుట్టే వేడికి 4 తీసేయండి. గది 33, మైదా 32 అయితే 78 − 33 − 32 − 4 = 9. అంటే 9 డిగ్రీల నీళ్లు కావాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన నీళ్లు ఇంచుమించు అవే.

మే నెలలో వంటింట్లో 38 ఉంటే లెక్క సున్నా కిందకు పోతుంది. అప్పుడు మైదాను కూడా గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఐసు ముక్కలు వేసిన నీళ్లను వడకట్టి తూచండి. "ఈస్ట్‌కు గోరువెచ్చని నీళ్లు" అనే మాట చలి దేశాల వంటల్లోంచి వచ్చింది. విజయవాడలో దాన్ని పాటిస్తే అరగంటలో పిండి గిన్నె దాటుతుంది.

## 5. పిండి కలపడం

1. మైదా, ఈస్ట్, చక్కెర పొడిగా కలపండి. దుంప గుజ్జు వేసి, రొట్టె ముక్కల పొడిలా అయ్యేదాకా వేళ్లతో మైదాలోకి రుద్దండి. ఉండలు తగిలితే ఇప్పుడే చిదమండి.
2. 170 గ్రాముల నీళ్లు, వెనిగర్ పోసి ముద్దగా చేయండి. పొడి పిండి కనబడకపోతే చాలు. మూత పెట్టి 20 నిమిషాలు వదిలేయండి.
3. ఉప్పు చల్లి 4 నిమిషాలు మర్దించండి. ఇప్పుడు చూడండి. ముద్ద గట్టిగా, పగుళ్లతో ఉంటే పక్కన ఉంచిన 30 గ్రాముల నీళ్లు చెంచాడు చెంచాడు చొప్పున చేర్చండి. మెత్తగా ఉంటే ఆ నీళ్లు మర్చిపోండి.
4. నూనె రెండు విడతలుగా పోస్తూ ఇంకో 6–8 నిమిషాలు మర్దించండి. నూనె పోయగానే ముద్ద విడిపోయినట్టు జారుతుంది, కంగారు పడొద్దు. రెండు నిమిషాల్లో మళ్లీ కలుస్తుంది.

చివరకు పిండి చపాతీ ముద్ద కన్నా మెత్తగా, బొబ్బట్ల తోపు కన్నా గట్టిగా ఉండాలి. చేతికి కాస్త అంటుకోవాలి కానీ చేయి తీస్తే ఊడి రావాలి. నిమ్మకాయంత తీసి వేళ్ల మధ్య సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనబడే పొర రావాలి. దుంప ఉంది కాబట్టి మామూలు బ్రెడ్ పిండి పొరంత పలచగా రాదు, ఫరవాలేదు.

జిగటగా ఉందని మైదా చల్లడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ముందు పది నిమిషాలు మూత పెట్టి వదిలేసి, చేతికి నూనె రాసుకుని మళ్లీ పట్టి చూడండి. చాలాసార్లు సర్దుకుంటుంది. అప్పటికీ గిన్నెలో పరుచుకుపోతుంటేనే మైదా, అదీ 15 గ్రాముల చొప్పున, రెండుసార్లకు మించకుండా.

## 6. మొదటి పొంగు

నూనె రాసిన గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పండి. 26 డిగ్రీల గదిలో 75–90 నిమిషాలు, 33 దాటితే 45–50 నిమిషాలు. గడియారం కన్నా పిండిని నమ్మండి. నిలువు గోడల డబ్బాలో పెట్టి బయట రబ్బరు బ్యాండు వేస్తే, రెట్టింపు అయ్యిందా లేదా కచ్చితంగా తెలుస్తుంది.

సగం సమయంలో ఒకసారి నాలుగు అంచులూ లాగి మధ్యకు మడవండి.

శుక్రవారం సాయంత్రానికి కావాలంటే వెనక నుంచి లెక్కేసుకోండి. సబ్బాతు మొదలయ్యాక కాల్చడం నిషిద్ధం. దీపాలు చాలామంది సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే వెలిగిస్తారు. గురువారం రాత్రి దుంప, శుక్రవారం మధ్యాహ్నం 12కు పిండి కలిపితే నాలుగున్నరకు రొట్టెలు జాలీ మీద చల్లారుతుంటాయి. పెద్ద మోతాదులో చేస్తే పిండిలోంచి చిన్న ముక్క వేరు చేసి కాల్చేయడం ఇంకో ఆచారం. హల్లా అన్న పేరు మొదట ఆ ముక్కదే. అరకిలో మైదాకు సాధారణంగా అది వర్తించదు.

## 7. ముద్ద, జడ

మొత్తం పిండి దాదాపు 900 గ్రాములు వస్తుంది. రెండు భాగాలు చేయండి. ఒక్కో భాగంలోంచి 40 గ్రాముల ముక్కలు మూడు కోయండి. మిగిలిన 330 గ్రాములు అడుగు ముద్ద. ముక్కలన్నీ ఉండలు చేసి, గుడ్డ కప్పి 10 నిమిషాలు ఆపండి. ఈ విరామం వదిలేస్తే పాయలు సాగదీసిన రబ్బరులా వెనక్కి పోతాయి.

అడుగు ముద్ద: అరచేతితో గాలి వదిలించి, దీర్ఘచతురస్రంగా నొక్కండి. పొడవు అంచు నుంచి బిగుతుగా చుట్టి, అతుకును చిటికెలతో మూయండి. 20 సెం.మీ. పొడవు, చివర్లు సన్నగా, మధ్య లావుగా ఉండాలి. అతుకు కిందికి పెట్టి ట్రేలోని బేకింగ్ పేపర్ మీద ఉంచండి. మైనం పూసిన చుట్టుడు కాగితం వాడకండి, ఓవెన్‌లో పొగ వస్తుంది.

పాయలు: ఒక్కోటి 32 సెం.మీ. పొడవు. మధ్య నుంచి చివర్లకు రెండు చేతులతో దొర్లించండి. పీట మీద మైదా చల్లొద్దు, చల్లితే పాయ దొర్లకుండా జారుతుంది. మూడూ అయ్యాక పైపైన చిటికెడు మైదా అద్దండి. అది ఉంటేనే కాలాక పాయలు విడివిడిగా కనబడతాయి.

అల్లిక: మూడు పాయల జడే. కుడి పాయ మధ్యకు, ఎడమ పాయ మధ్యకు. కానీ బడికి వెళ్లే పిల్లకు వేసినట్టు బిగించొద్దు. పాయల మధ్య గాలి ఆడేంత వదులు ఉండాలి, పొంగినప్పుడు ఆ ఖాళీ నిండుతుంది. జడ దాదాపు 25 సెం.మీ. వస్తుంది, అంటే ముద్ద కన్నా పొడవు. అలాగే ఉండాలి.

అతికించడం: అడుగు ముద్ద మీద పొడవునా చపాతీ కర్రతో ఒక సెంటీమీటరు లోతు గాడి నొక్కండి. గాడిలో బ్రష్‌తో నీళ్లు రాయండి. జడను అందులో కూర్చోబెట్టి, రెండు చివర్లూ ముద్ద కిందికి మడిచి నొక్కండి. గాడి, తడి, మడత మూడూ ఉంటే జడ కదలదు.

## 8. రెండో పొంగు

28 డిగ్రీల్లో 40–50 నిమిషాలు, 33 పైన 25–30. ఓవెన్‌ను ఇప్పుడే 200 డిగ్రీలకు పెట్టండి, 20 నిమిషాలైనా వేడెక్కాలి.

పక్క భాగాన్ని వేలితో నొక్కండి. గుంట మెల్లగా, సగం వరకే పూడితే సిద్ధం. చటుక్కున పూడితే ఇంకా ఆగాలి. పూడకపోతే ఆలస్యమైంది. కాస్త ముందే ఓవెన్‌లో పెట్టడం వైపే మొగ్గండి. ఎక్కువ పొంగితే జడ అచ్చు చెరిగిపోతుంది.

## 9. పూత, గసగసాలు

గుడ్డు తినేవారు గుడ్డులో చెంచాడు నీళ్లు కొట్టి పూయొచ్చు. వద్దనుకునేవారు 100 గ్రాముల నీళ్లలో ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపి, పారదర్శకంగా అయ్యేదాకా మరిగించి చల్లార్చిన గంజి పూయండి. పాలు పూయడం ఇక్కడ పనికిరాదు, కారణం పైన చెప్పిందే.

తడి ఆరకముందే గసగసాలు చల్లండి. ఇవి బైబిల్ కథలో ఆకాశం నుంచి కురిసిన ఆహారం, మన్నాకు గుర్తు అంటారు. జర్మనీలో వాడేవి నీలి నలుపు రంగువి. మన వంటింట్లోని తెల్ల గసగసాలు రుచిలో ఏమీ తీసిపోవు. వేయించినవి వద్దు, ఓవెన్‌లో రెండోసారి వేగి చేదెక్కుతాయి.

దుబాయ్, సౌదీల్లో ఉండేవారు గసగసాలు ఊరి నుంచి తెప్పించుకోకండి. అక్కడ అవి నిషిద్ధం, నేరం కింద పట్టుకుంటారు. నువ్వులు చల్లుకోండి.

ఓవెన్‌లో పెట్టే ముందు ఒకసారి:

- ఓవెన్ 20 నిమిషాలు వేడెక్కిందా
- రెండు రొట్టెల మధ్య 7–8 సెం.మీ. ఖాళీ ఉందా
- జడ చివర్లు కిందే ఉన్నాయా
- పూత పాయల సందుల్లో మడుగు కట్టలేదు కదా (కడితే బ్రష్ కొనతో పీల్చేయండి)

## 10. కాల్చడం

కింద, పైన రెండు రాడ్లూ వెలగాలి. ట్రే నడిమి కంటే ఒక అర కిందికి. 200 డిగ్రీల్లో 10 నిమిషాలు, తర్వాత 185కు తగ్గించి 18–22 నిమిషాలు. ఫ్యాన్ ఉంటే రెండు చోట్లా 15 డిగ్రీలు తగ్గించండి. 20వ నిమిషానికే పైన ముదురు రంగు వస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి.

లోపలి వేడి 94–95 డిగ్రీలు అయితే అయిపోయినట్టు. పుల్ల గుచ్చి చూడటం కేకుకు చెల్లుతుంది, దుంప రొట్టెకు కాదు. థర్మామీటర్ లేకపోతే తూకం వేయండి. 450 గ్రాముల పచ్చి రొట్టె కాలాక 400 గ్రాములకు దగ్గరగా దిగాలి. 415 ఉంటే ఇంకో ఐదు నిమిషాలు.

బయటికి తీయగానే గంజి పూత ఇంకోసారి రాస్తే మెరుపు వస్తుంది.

## 11. చల్లార్చడం, నిల్వ

జాలీ మీద గంటన్నర. వేడి మీద కోస్తే కత్తికి జిగురు అంటుకుంటుంది, ఉడకలేదని పొరబడతారు.

దుంప వల్ల ఈ రొట్టె రెండు మూడు రోజులు మెత్తగా ఉంటుంది. కానీ ఎండాకాలంలో రెండో రోజు దాటి బయట ఉంచొద్దు. మట్టిలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు దుంపతో పాటు వస్తాయి. అవి ఓవెన్ వేడికి చావవు. తడి, వేడి దొరికితే రొట్టె లోపల తీగలు సాగుతుంది, పండి కుళ్లిన పండు వాసన వస్తుంది. వెనిగర్ వేసింది దాన్ని ఆలస్యం చేయడానికే. తీగ కనబడితే రొట్టె మొత్తం పారేసి, డబ్బాను వెనిగర్‌తో కడగండి.

ఫ్రిజ్‌లో పెడితే త్వరగా గట్టిపడుతుంది. మిగిలింది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి, పెనం మీద నేరుగా వేడి చేసుకోవచ్చు.

## 12. తేడా వస్తే ఎక్కడ చూడాలి

జడ ఒక పక్కకు జారింది: వంటింటి వేడికి పిండి త్వరగా పొంగిపోయింది, లేదా గాడి లోతు చాలలేదు, లేదా అడుగు ముద్ద వదులుగా చుట్టారు. ఓవెన్‌లోకి వెళ్లాక పొంగు ఒకవైపే తన్నింది.

జడకు, ముద్దకు మధ్య చీలిక: రెండో పొంగు చాలలేదు. ఇంకో పది నిమిషాలు ఆగాల్సింది. తినడానికి ఇబ్బంది లేదు.

పాయలు కలిసిపోయి ఒకే ముద్దలా ఉన్నాయి: ఎక్కువ పొంగింది, లేదా పిండిలో నీళ్లు ఎక్కువ. తర్వాతిసారి ముందు 20 గ్రాముల నీళ్లు తగ్గించండి. ఈస్ట్ జోలికి వెళ్లకండి.

అడుగున తడి చార: వేడిగా ఉండగా ట్రేలోనే వదిలేశారు, లేదా కింది రాడ్ వెలగలేదు.

లోపల తెల్లటి తడి చుక్కలు: దుంప ఉండలు. జల్లెడ వాడలేదని అర్థం.

పైన నలుపు, లోపల పచ్చి: ఫ్రిజ్ దుంప, లేదా చక్కెర ఎక్కువ, లేదా ట్రే పై అరలో పెట్టారు.

సారా వాసన, పుల్లటి రుచి: మొదటి పొంగు శ్రుతి మించింది. పిండి ఇంకా కాల్చకముందే గమనిస్తే జడ ఆలోచన మానేయండి. పలచగా ఒత్తి, నూనె రాసి, ఉప్పు చల్లి పెనం మీద కాల్చుకుంటే ఆ పూటకు పనికొస్తుంది.

గసగసాలన్నీ రాలిపోయాయి: పూత ఆరిపోయాక చల్లారు.